ఉప్పు పెట్టె, రబ్బరు బిరడా

లోకంలో ఇనుముతో పనిచేసేవాళ్లందరూ తుప్పు పట్టకుండా చూసుకోవడానికి జీతం తీసుకుంటారు. తుప్పక్క మాత్రం తుప్పు పట్టించడానికి తీసుకుంటుంది. ఇరవై ఆరేళ్లుగా అదే పని. కార్ల సైలెన్సర్లు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. ఆయన కూడా ఒకసారి అడిగితే కాగితం వెతుక్కున్నాడు.

ఆమె గది మెట్ల కింద, జనరేటర్ పక్కన ఉంటుంది. కిటికీ లేదు. గదిలో సగం ఒక పెట్టే ఆక్రమించింది. మనిషి నిండుగా కాళ్లు చాపుకుని పడుకోవచ్చు అందులో. దాన్ని ఉప్పు పెట్టె అంటారు. లోపల రాత్రీ పగలూ వెచ్చటి ఉప్పునీటి తుంపర కురుస్తూనే ఉంటుంది. ఫ్యాక్టరీకి కొత్త లోహం వచ్చినా, కొత్త రంగు వచ్చినా, ముందు ఆ పెట్టెలో వారాల తరబడి నానాల్సిందే. తుప్పక్క కళ్లలో వత్తులు వేసుకుని కూర్చుంటుంది. ఎక్కడ చిన్న గోధుమరంగు చుక్క కనబడినా తారీఖు వేసి పుస్తకంలో రాస్తుంది. ఆమె పనికిరాదన్న లోహాన్ని ఇంకెవరూ ముట్టుకోరు. ఆమె సరేనన్న లోహం గురించి ఇంకెవరూ మాట్లాడరు. అంత నమ్మకం ఆమె మాటంటే. ఆ నమ్మకం అంటే ఆమెకి కొంచెం గర్వం కూడా ఉంది, దాచుకోవడం చేతకాదు.

ఆ ఏడాది పెద్ద ఆర్డరు ఒకటి గుమ్మం దాకా వచ్చింది. అరచేతంత చిన్న కారు ఒకటి వస్తోందట, ఊళ్లో తిరగడానికి. దాని సైలెన్సర్ ఏడేళ్లు చెక్కుచెదరకూడదట. మూడు రకాలు పోటీకి నిలబడ్డాయి. వేడికి ఓర్చే వెండిరంగు వేసిన మామూలు ఉక్కు, అల్యూమినియం పూత పూసిన ఉక్కు, స్టెయిన్‌లెస్ స్టీలు. మూడూ నలభై రోజులు ఉప్పు పెట్టెలో స్నానం చేశాయి. అల్యూమినియం పూతది వెల్డింగ్ అతుకుల దగ్గర ఎర్రబారింది, ఆ వేడికి పూత కాలిపోతుంది కాబట్టి. స్టెయిన్‌లెస్ స్టీలు మీద టీ మరకల్లాంటివి నాలుగు పడ్డాయి. రంగు వేసిన మామూలు ఉక్కు మాత్రం పెళ్లికొడుకులా తళతళలాడుతూ బయటికొచ్చింది.

"రంగు వేసిన ఉక్కు. ఏడేళ్లు ఢోకా లేదు" అని తుప్పక్క రాసింది. శుక్రవారం సమావేశంలో సంతకం పెట్టడమే తరువాయి.

ఆ సంతకం పూర్తయ్యాక ఇంకొకటి కూడా జరగాలి. ఫ్యాక్టరీ వెనక కొత్తగా రెండు గదుల పరీక్షశాల కట్టారు. నాలుగు కిటికీలు, పొడవాటి బల్లలు, నీళ్ల కుళాయి. పదకొండేళ్లుగా తుప్పక్క అడుగుతున్నది అదే. దాని తాళాలు శుక్రవారం ఆమె చేతిలో పెడతానని యజమాని, అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి, తన నోటితో తనే చెప్పాడు. సోమవారం నుంచి తుప్పక్క కాళ్లు నేల మీద ఆనడం లేదు.

ఆమె తీర్పు వినగానే అందరికంటే సంబరపడినవాడు కొనుగోళ్ల అధికారి. మూడింట్లోనూ అదే చవక మరి. ఈయనకీ తుప్పక్కకీ ఇరవై ఏళ్లు ఉప్పూ నిప్పూ. ఆయన చవకైనది తెచ్చేవాడు, ఆమె దాన్ని ఉప్పు పెట్టెలో వేసి పరువు తీసేది. మెట్ల దగ్గర ఎదురుపడితే ఇద్దరూ గోడలు చూసుకుంటూ పోయేవాళ్లు. అలాంటిది మూడేళ్ల కిందట ఈమె కూతురూ ఆయన కొడుకూ ఒకరినొకరు ఇష్టపడి, ఇద్దరినీ వియ్యంకుడూ వియ్యపురాలూ చేసి కూర్చోబెట్టారు. అప్పటినుంచీ పోట్లాట మానలేదు గానీ మర్యాద వచ్చి చేరింది.

"చూశారా చెల్లెమ్మగారూ, ఇన్నాళ్లకి నా సరుకు మీ నోట మంచిదనిపించుకుంది."

"నేను అనలేదండీ అన్నయ్యగారూ, పెట్టె అంది."

"పెట్టెతో పనేముందండీ! పిల్లల పెళ్లప్పుడు మా కారుకి వేయించింది ఇదే రంగు సైలెన్సర్. మూడేళ్లైంది. ఇప్పటికీ అందులో చూసి తల దువ్వుకోవచ్చు. నా బండే సాక్ష్యం!"

ఆ మాట ఆయన ఫ్యాక్టరీలో కనీసం పదిమందికి చెప్పాడు.

బుధవారం తుప్పక్కకి సెలవు. ఉదయం కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడితే, సందు మొదట్లోంచి దున్నపోతు గొంతు సవరించుకుంటున్నట్టు చప్పుడు వినబడింది. చూస్తే కొనుగోళ్ల అధికారి కారు, నడుపుతున్నది ఆయన భార్య, తుప్పక్కకి వియ్యపురాలు. ఆవిడ కారు ఆపి దిగి, అటూ ఇటూ చూసి, తలుపు దాకా చిన్న పరుగున వచ్చింది.

"వదినగారూ, మా ఆయనకి చెప్పనని ముందు మాటివ్వండి."

"ఏం జరిగింది వదినగారూ?"

"కారు గొంతు బొంగురుపోయింది. కుట్టు క్లాసు ముందు ఆపితే లోపల మిషన్లన్నీ ఆగిపోయాయి, ఏం కూలిందోనని. ఈయనకి చెబితే కారు ఎలా నడపాలో సాయంత్రం దాకా చెబుతారు. మీరైతే నాలుగు దెబ్బలు కొట్టి బాగుచేస్తారు కదా అని…"

తుప్పక్కకి నవ్వొచ్చింది. పాత దుప్పటి ఒకటి పరిచి కారు కిందకి దూరింది. సైలెన్సర్ నిజంగానే మెరుస్తోంది. వియ్యంకుడు అబద్ధం చెప్పలేదు, తల దువ్వుకోవచ్చు. వెనక వైపు ఒక సొట్ట ఉంది. అది వియ్యపురాలు గేటు స్తంభాన్ని వెనక్కొచ్చి ముద్దుపెట్టుకున్ననాటిది. అంతకుమించి చిన్న మరక కూడా లేదు.

చెంచా తెప్పించుకుని తట్టింది. ఖంగుమనాల్సింది, బొద్దుగా దబ్ మంది. చేత్తో ఊపితే లోపల నీళ్లు గలగలమన్నాయి. తుప్పక్క నవ్వు ఆగిపోయింది. స్క్రూడ్రైవర్ తీసుకుని అడుగున మెల్లగా నొక్కింది. నిజంగా మెల్లగానే నొక్కింది. అది పిడి దాకా లోపలికి దిగిపోయింది. బయటికి లాగితే పులుపు వాసన కొట్టే ఎర్రటి నీళ్లు జలజలా ఆమె మెడ మీదా, జాకెట్టు మీదా పడ్డాయి.

"బాగైందా వదినగారూ?" అంది పైనుంచి వియ్యపురాలు.

తుప్పక్క కారు కిందే పడుకుని అడిగింది, "దీన్ని ఎక్కడెక్కడికి తీసుకెళ్తారు?"

"కుట్టు క్లాసుకి."

"అదెంత దూరం?"

"మా వీధి చివర."

"నడిచి వెళ్లొచ్చుగా?"

"కారుండగా నడవడమెందుకండీ?"

"దూరం ఎక్కడికీ పోరా?"

"ఎక్కడికి పోతాం? ఆయనకి ఫ్యాక్టరీ బస్సు ఉంది. పోవడం, రావడం, అంతే. రోజూ పోతాను, ఒక్కరోజు మానను" అంది వియ్యపురాలు, మెచ్చుకుంటారేమో అన్నట్టు.

తుప్పక్కకి సంగతి అర్థమైంది. పెట్రోలు మండితే పొగతోపాటు నీటి ఆవిరి వస్తుంది. కారు దూరం పోతే సైలెన్సర్ కాలి, ఆ ఆవిరి బయటికి పోతుంది. వీధి చివరిదాకా పోయి ఆగిపోయే కారులో సైలెన్సర్ వెచ్చబడేలోపే చల్లారిపోతుంది. ఆవిరి నీరై అడుగున నిలబడి, పొగలోని ఆమ్లపు పులుపు కలుపుకుని, లోపలినుంచి తినడం మొదలుపెడుతుంది. రంగు ఉండేది బయట. లోపల ఒట్టి ఉక్కు. ఇదేం బ్రహ్మవిద్య కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే ఆమె నేర్చుకున్న సంగతి.

మరి నలభై రోజుల పరీక్షలో ఎందుకు బయటపడలేదు? ఆ ప్రశ్నకి జవాబు తట్టగానే ఆమె లేవబోయి తల కారుకి కొట్టుకుంది.

బిరడాలు!

పన్నెండేళ్ల కిందటి మాట. అప్పట్లో ఉప్పు పెట్టెలో గొట్టాల లోపలినుంచి తుప్పునీళ్లు కారి పక్కనున్న ముక్కల మీద పడి లెక్కలన్నీ తారుమారయ్యేవి. పెట్టె కడగలేక తుప్పక్క తల ప్రాణం తోకకొచ్చేది. అప్పుడు ఆమెకే ఒక ఉపాయం తోచింది. పెట్టెలో పెట్టేముందు ప్రతి గొట్టానికీ రెండు పక్కలా రబ్బరు బిరడాలు బిగించడం. పెట్టె అద్దంలా శుభ్రంగా ఉండేది. చూడవచ్చిన తనిఖీవాళ్లు భేష్ అన్నారు. అది ఆమె సంతకంతోనే నియమమై గోడకెక్కింది. ఆనాటినుంచీ ఆ పెట్టె ఒక్క సైలెన్సర్ కడుపులోకీ తొంగిచూడలేదు. ఇన్నాళ్లూ ఫ్యాక్టరీ సరుకు పొద్దస్తమానం ఊళ్లు తిరిగే వ్యాన్లకి వెళ్లేది. వాటి సైలెన్సర్లు ఎప్పుడూ కాలుతూ పొడిగా ఉండేవి కాబట్టి గుట్టు రట్టు కాలేదు. ఇప్పుడు రాబోయేదేమో కుట్టు క్లాసు కారు.

గురువారం ఆమె ముఖం చూసినవాళ్లు జ్వరమా అని అడిగారు. జ్వరమే నయం. నోరు మూసుకుంటే రేపు తాళాలు చేతికొస్తాయి. సైలెన్సర్లు రాలిపోవడం మొదలయ్యేసరికి రెండు మూడేళ్లు పడుతుంది, అప్పటికి కారణాలు వెతకడానికి బోలెడుమంది ఉంటారు. నోరు తెరిస్తే, పన్నెండేళ్లు పప్పులో కాలేసి నిలబడ్డ మనిషికి నాలుగు కిటికీల పరీక్షశాల ఎవరిస్తారు? మెట్ల కింద గది కూడా ఉంచుతారో లేదో. ఆమె బిరడాల డబ్బా తీసి ముందు పెట్టుకుంది. ప్రతిదాని మీదా తెల్లరంగుతో అంకె. అన్నీ తన చేత్తో వేసినవే, ముత్యాల్లా ఉన్నాయి. వాటిని చూస్తే ఒళ్లు మండింది.

మధ్యాహ్నం వెల్డరు దగ్గరికి వెళ్లి అంతా చెప్పేసింది. వెల్డరు ఆమెకంటే ముందునుంచీ అక్కడున్నవాడు, మాటలు తూచి వాడతాడు. నిన్న వియ్యపురాలి కారు సైలెన్సర్ విప్పి పెట్టింది కూడా అతనే.

అంతా విని అద్దాలు తుడుచుకున్నాడు. "నాకు చెప్తే ఏం లాభం తుప్పక్కా? నేను సంతకం పెట్టను కదా" అన్నాడు.

"పెట్టేవాళ్లకి చెప్పాలంటే భయంగా ఉందయ్యా."

"ఉంటుంది మరి" అన్నాడు వెల్డరు. "కోసే మిషన్ రేపు ఖాళీగానే ఉంటుంది" అని మళ్లీ ముసుగు దించుకున్నాడు.

శుక్రవారం పదిగంటలకి సమావేశం. బల్ల మీద మూడు సైలెన్సర్లు వరుసగా ఉన్నాయి. పెద్దాయన చేతి పక్కన కొత్త తాళాలు ఉన్నాయి. తుప్పక్క వాటివైపు చూడకూడదనుకుంది, మూడుసార్లు చూసింది. వియ్యంకుడు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, రంగు గొప్పతనం గురించి ఏకరువు పెట్టి, చివర్లో షరా మామూలుగా "నా బండే సాక్ష్యం" అన్నాడు.

అప్పుడు తుప్పక్క లేచి గోనెసంచిలోంచి మెరిసే సైలెన్సర్ ఒకటి తీసి, చిల్లూ సొట్టా కనబడకుండా కిందికి తిప్పి బల్ల మీద పెట్టింది.

"ఇది చూసి చెప్పండి అన్నయ్యగారూ."

వియ్యంకుడు వేలితో రాసి చూశాడు. "చెప్పడానికేముంది? కొత్త సరుకు."

"మూడేళ్లు వాడిందండీ."

"అద్గదీ!" ఆయన ముఖం చాటంతైంది. "మూడేళ్లు! చూడండి పెద్దాయన గారూ, ఎలా ఉందో చూడండి. ఇంకేం కావాలి?"

"ఒక్క నిమిషం" అని తుప్పక్క తలుపు దగ్గరున్న వెల్డరుకి సైగ చేసింది. అందరూ పక్క షెడ్డులోకి నడిచారు. కోసే మిషన్ రంయ్‌మంది. సైలెన్సర్ రెండు చెక్కలైంది. లోపలినుంచి ఎర్రటి బురద, దానివెంట అప్పడాల్లా విరిగిపోయిన రేకుముక్కలూ నేలమీద పడ్డాయి. లోపలుండాల్సిన గొట్టాలు లేవు. బయటి తొక్కా, దాని మీది రంగూ మిగిలాయి.

వియ్యంకుడు వెనక చెక్క చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. ఆయన వేలు సొట్ట దగ్గర ఆగింది.

"ఈ సొట్ట నేనెక్కడో…"

"మీ గేటు స్తంభం దగ్గర చూసుంటారండీ."

వెల్డరు నవ్వు మింగాడు. పెద్దాయన కిటికీవైపు తిరిగి నిలబడ్డాడు, భుజాలు మాత్రం కదిలాయి. వియ్యంకుడి ముఖంలో రంగులు మారాయి. "రెండ్రోజులుగా మా ఆవిడ క్లాసుకి నడిచి పోతోంది. ఆరోగ్యం కోసం అంది!" అన్నాడు.

నవ్వులు సద్దుమణిగే దాకా తుప్పక్క ఆగింది. తర్వాత వెంట తెచ్చిన డబ్బా తెరిచి బిరడాలు షెడ్డులోని బల్ల మీద పోసింది. వీధి చివరి ప్రయాణం గురించి చెప్పింది, నిలవుండే నీళ్ల గురించి చెప్పింది. "ఉప్పు పెట్టె లోపలి సంగతి చెప్పలేకపోవడానికి కారణం ఇవండీ. వీటిని పెట్టింది నేను. పన్నెండేళ్లుగా పెడుతున్నాను. నేను రాసిచ్చిన తీర్పు తప్పు. ఆ కాగితం మీద సంతకం పెట్టకండి."

పెద్దాయన ఒక బిరడా తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇవాళ మీరు చెప్పకపోతే ఈ సంగతి ఎవరికి తెలిసేదమ్మా?"

"ఎవరికీ తెలిసేది కాదండీ. మూడేళ్లు పోయాక అందరికీ తెలిసేది."

ఆయన తలూపాడు. అందరూ మళ్లీ సమావేశం గదిలోకి వచ్చారు. పెద్దాయన బల్ల మీది తాళాలు తీసి సొరుగులో వేసుకున్నాడు. సొరుగు మూసిన చప్పుడు తుప్పక్క చెవిలో గింగుర్లాడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, తల దించుకుంది.

"కారువాళ్లని నాలుగు నెలలు గడువు అడుగుతాను" అన్నాడు పెద్దాయన. "ఈసారి లోపలికి చూసే పరీక్ష పెట్టండి."

వియ్యంకుడు ఏదో అంటాడని తుప్పక్క బిగుసుకుని కూర్చుంది. ఇరవై ఏళ్ల పగ తీర్చుకోవడానికి అంతకన్నా మంచి రోజు దొరకదు. ఆయన సొట్ట చెక్కని ముందు పెట్టుకుని కాసేపు చూశాడు. "నా బండే సాక్ష్యం అని ఊరంతా చెప్పింది నేనే కదా" అన్నాడు చివరికి. "సాక్ష్యం నాకు ఎదురు తిరిగిందని కాదంటే ఎలా? గడువు కోసం నేనూ మాట్లాడతానండీ."

ఆ నాలుగు నెలలూ తుప్పక్క ఒళ్లు దాచుకోకుండా పనిచేసింది. ఉప్పు పెట్టె పక్కన కొత్త పొయ్యి వెలిసింది. గొట్టాల కడుపులో పులుపు నీళ్లు పోసి, పది నిమిషాలు వేడిచేసి, చల్లార్చి, మళ్లీ వేడిచేసి. బిరడా మాట ఎత్తితే ఒట్టు. అయితే పొయ్యి ఒక్కదాన్నే నమ్మకూడదని ఈసారి ఆమెకి తెలుసు. వెల్డరుతో ప్రత్యేకంగా ఒక సైలెన్సర్ చేయించి, దాని లోపల మూడు లోహాలవీ కాగితమంత పల్చటి పట్టీలు వేలాడదీసి, వియ్యపురాలి కారుకి బిగించింది.

"నేనేం చెయ్యాలి వదినగారూ?"

"ఇన్నాళ్లూ చేసిందే. క్లాసుకి పోండి, రండి. దూరం మాత్రం పోకండి."

వియ్యపురాలికి పట్టపగ్గాలు లేవు. ఎవరు కారడిగినా "నాకు డ్యూటీ ఉంది" అని మొహం మీదే చెప్పేది. ఒక ఆదివారం ఆయన ముచ్చటపడి ఊరి బయట కొండ చూపిస్తానంటే, "లోపలి నీళ్లు ఆవిరైపోతే మా వదినగారికి ఎవరు సమాధానం చెబుతారు? మీరా?" అని కసిరింది. ఆయన ఒక్కడే బస్సెక్కి కొండ చూసొచ్చాడు.

నాలుగు నెలలయ్యాక ఆ సైలెన్సర్‌ని అందరి ముందూ కోశారు. మామూలు ఉక్కు పట్టీ చేతిలోకి తీసుకుంటేనే పొడైంది. అల్యూమినియం పూతది బాగానే ఉంది గానీ, కోసిన అంచులూ అతుకులూ తినేసి ఉన్నాయి. స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీని తుప్పక్క చెంగుతో తుడిచింది. మరకలు కొన్ని పోయాయి, కొన్ని పోలేదు, వేలితో నొక్కితే మాత్రం చెక్కుచెదరలేదు. పొయ్యి మీది లెక్కలూ అదే చెప్పాయి.

తీర్పు ఈసారి ఒక్క ముక్కలో లేదు. నీళ్లు నిలిచే వెనక డబ్బా స్టెయిన్‌లెస్ స్టీలుతో. ఎప్పుడూ కాలుతూ పొడిగా ఉండే ముందు గొట్టం అల్యూమినియం పూత ఉక్కుతో, అతుకుల మీద మళ్లీ పూత వేసి. డబ్బా అడుగున, అన్నిటికంటే పల్లంలో, అగ్గిపుల్ల పట్టేంత రంధ్రం, నీళ్లు కారిపోవడానికి.

"నా రంగుకి ఎక్కడా చోటు లేదా చెల్లెమ్మగారూ?" అన్నాడు వియ్యంకుడు దీనంగా.

"ఎందుకు లేదండీ? సైలెన్సర్‌ని వేలాడదీసే కొక్కేలన్నీ మీవే. వాటికి లోపలంటూ ఏమీ లేదు, మీ రంగు భేషుగ్గా సరిపోతుంది."

ఆయన వెంటనే కొక్కేలు ఎన్ని ఉంటాయో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

పెద్దాయన సంతకం పెట్టాడు. సొరుగు తెరిచి తాళాలు తీసి తుప్పక్క వైపు జరిపాడు. ఆమె చెయ్యి చాచి ఆగిపోయింది. తాళాల రింగుకి ఒక నల్లటి రబ్బరు బిరడా గుచ్చి ఉంది. దాని మీద తెల్లరంగుతో ఒకటో అంకె, తన చేతిరాతే.

"ఇది… ఎక్కడిదండీ?"

"మీ డబ్బాలోదే. ఆ శుక్రవారం నా చేతిలో ఉండిపోయింది. సాయంత్రం మీరు వెళ్లాక దీనికి గుచ్చి పెట్టాను."

"ఆ రోజేనా?" అంది తుప్పక్క. నాలుగు నెలలుగా ఆ సొరుగు చప్పుడు తలుచుకుని ఎన్నిసార్లు కుమిలిపోయిందో ఆమెకే తెలుసు. "మరి ఆ రోజే ఇవ్వచ్చు కదండీ!"

"ఇస్తే ఆ రోజు మీరు తీసుకునేవారా?"

తుప్పక్క ఆలోచించింది. "తీసుకునేదాన్ని కాదండీ" అంది. అనేసరికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చాయి, దేనికీ అడ్డం పడలేదు. వియ్యంకుడు జేబురుమాలు తీసి ఇచ్చాడు. మడత విప్పని కొత్త రుమాలు, చవకదేమో, కన్నీళ్లు ఒక్క చుక్క కూడా పీల్చలేదు.

ఆ మధ్యాహ్నమే ఆమె ఉప్పు పెట్టెని కొత్త గదికి మోయించింది. నాలుగు కిటికీలూ తెరిచింది. తాళాల గుత్తిని తలుపు వెనక మేకుకి, రోజూ ముందుగా కంటబడే చోట తగిలించి, కొత్త పుస్తకం తీసి తారీఖు వేసింది.